ఉత్తి ఎంటర్

జూన్ 11, మంగళవారం

మూడో అంతస్తు గోడకి ఇవాళ నా పేరు ఎక్కించారు. పదకొండేళ్ళు పట్టింది. అద్దం బిగించిన పటం, అందులో నీళ్ళ శుద్ధి కేంద్రం ముద్ర, దాని కింద ‘ఆపరేటర్ల ఇంటర్‌ప్రెటర్ రూపకర్త’ అని నా పేరు.

టీ గదికి దారి ఆ పటం ముందునించే. అంటే బొమ్మల బ్యాచి రోజుకి నాలుగుసార్లు దాన్ని చూసి తీరాలి. ఇదే పనికి రంగురంగుల తెరలు గీసి, తిరిగే చక్రాలు పెట్టి, మూడు నెలలకే చేతులెత్తేసిన మహానుభావులు వాళ్ళు. నా నల్ల తెర చూసి తాతల కాలం నాటిదని పళ్ళికిలించిందీ వాళ్ళే. ఇప్పుడు చూసుకోండి నాయనా, కళ్ళారా చూసుకోండి.

అవును, ఆపరేటరు టైపు చేసిన మాటని మిషన్లకి చేర్చే నా ఇంటర్‌ప్రెటర్‌ది నల్ల తెరే. ఒక బాణం గుర్తు, పక్కన ఆరి వెలిగే గీత. ఆపరేటరు ‘చూపు’ అని కొడితే ట్యాంకుల్లో నీళ్ళెంత, క్లోరిన్ ఎంత, అన్నీ వరసగా చూపిస్తుంది. ‘పెంచు 2’ అంటే క్లోరిన్ రెండు మెట్లు పెంచుతుంది. ‘తగ్గించు 1’ అంటే ఒక మెట్టు దించుతుంది. పని చేశాక ‘సరే’ అంటుంది. తెలియని మాట కొడితే ‘అర్థం కాలేదు’ అంటుంది. మళ్ళీ బాణం గుర్తు పెట్టుకుని కాచుక్కూచుంటుంది. సగం ఊరికి నీళ్ళు పంపే కేంద్రం పధ్నాలుగు నెలలుగా దీని మీదే నడుస్తోంది. ఒక్క పూట ఆగలేదు.

మిగతా నాలుగు కేంద్రాల్లోనూ ఇదే పెడుతున్నామని, ఆ పనికి పెద్ద నేనేనని, మా పై అధికారి ఇంజినీరమ్మ అందరి ముందూ చెప్పింది. చప్పట్లు కొట్టారు. బొమ్మల బ్యాచి కూడా కొట్టింది, అరచేతులు నొప్పి పుట్టకుండా.

బాబాయ్ డ్యూటీ దిగి నేరుగా పైకొచ్చాడు. ఆపరేటర్లందరిలో పెద్ద. ముప్పైనాలుగేళ్ళ సర్వీసు, ఇంకో మూడు నెలల్లో రిటైరై దిగిపోతాడు. నాకు చుట్టమేం కాదు, కేంద్రంలో అందరికీ బాబాయే. పటం మీద దుమ్ము లేకపోయినా చేతిరుమాలుతో తుడిచి, “మాటలు నావీ, పేరు నీదీనా అబ్బాయ్” అన్నాడు. నిజమే. నెల రోజులు ఆయన పక్కన స్టూలు వేసుకుని కూచుని, ఆపరేటర్లు ఎలా మాట్లాడుకుంటారో విని రాసుకున్నాను. కొంచెం పెంచు, కొంచెం తగ్గించు అనేవి ఆయన నోటి మాటలే. ‘ఇంతకి పెట్టు’ అని ఎవరూ అనరు. అందుకే నేనూ ఆ మాట పెట్టలేదు.

ఇంటికొచ్చి అక్కకి చెప్పాను. పొద్దంతా ఆస్పత్రిలో నర్సు పని చేసొచ్చి, కాళ్ళు వేణ్ణీళ్ళలో పెట్టుకుని కూచుని ఉంది. “ఎక్కావు సరే, కిందపడకుండా చూసుకో” అంది. ఈ ఇంట్లో ఉన్నదే మేమిద్దరం. ఆ రెండో మనిషి నోట ఒక్క మంచి మాట రాదు.

జూన్ 19, బుధవారం

తూర్పు కాలనీ బడిలో పధ్నాలుగు మంది పిల్లలు వాంతులు చేసుకున్నారు. కళ్ళు మండుతున్నాయని ఏడుపులు. ఉబ్బసం ఉన్న ఒక పాపకి ఊపిరాడక ఆస్పత్రిలో చేర్చారు. కుళాయి నీళ్ళలో క్లోరిన్ ఎక్కువైంది.

తెల్లవారేసరికి జడివాన. నది నీళ్ళు బురదగా వచ్చాయి. అలాంటప్పుడు అయిదు మెట్లు పెంచడం మామూలే. డ్యూటీలో ఉన్నది బాబాయ్. అయిదు పెంచాల్సింది, పదిహేను పెరిగింది.

పదకొండింటికి నన్ను పిలిచి లాగ్ తియ్యమన్నారు. ఇంటర్‌ప్రెటర్ తను చేసిన ప్రతి పనీ టైముతో సహా రాసుకుంటుంది. 5:42 పెంచు 5. 5:58 పెంచు 5. 6:15 పెంచు 5. ప్రింటు తీసి ఇచ్చాను.

బాబాయ్ అక్కడే నిలబడి ఉన్నాడు, ఇంకా తడి చొక్కాతోనే. “నేను ఒక్కసారే కొట్టానమ్మా” అన్నాడు. ఇంజినీరమ్మ కాగితం ఆయన చేతిలో పెట్టింది. చదివాడు. కళ్ళద్దాలు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్ళీ చదివాడు.

జూన్ 20, గురువారం

పొద్దున్నే వెళ్ళి ప్రోగ్రాంలో చిన్న సర్దుబాటు చేశాను. రెండు లైన్లు. ఎప్పట్నించో చెయ్యాలనుకుంటున్నదే. నిన్నటిదానికీ దీనికీ సంబంధం లేదు.

బాబాయ్‌ని సస్పెండ్ చేశారు.

జూన్ 21

సంబంధం లేదు.

జూన్ 22, శనివారం

ఆ ఉబ్బసం పాప మా అక్క పనిచేసే వార్డులోనే ఉందట. తొమ్మిదేళ్ళది. ముక్కుకి గొట్టం పెట్టారు. నీళ్ళ గ్లాసు చూపిస్తే మొహం తిప్పేసుకుంటోందట. గండం గడిచింది, మూడు నాలుగు రోజుల్లో ఇంటికి పంపుతారంది అక్క. నేను అడగలేదు. అదే చెప్పింది.

తర్వాత తువ్వాలు మడతపెడుతూ, “ఆ పెద్దాయన అదే మాట మూడుసార్లు ఎందుకు కొడతాడు?” అంది.

పెద్దతనం, మతిమరుపు, నిద్ర చాలకపోవడం, ఏమో నాకేం తెలుసన్నాను.

“మేం ఒకే మందు రెండోసారి ఇవ్వాలంటే ముందు ఇచ్చింది ఎప్పుడో చూసి, మనిషి పేరు అడిగి ఇస్తాం. మీ మిషను ఏమీ అడగదా?”

మిషను గురించి నీకేం తెలుసు, సూదులేసుకోక, అన్నాను. అది ఊరుకుంది. దానికి ఊరుకోవడం ఒక ఆయుధం.

జూన్ 24, సోమవారం

ఇక్కడైనా రాసుకోవాలి. ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చూడరు.

బాబాయ్‌కి ఒక అలవాటు. లేచి వెళ్ళి మళ్ళీ సీట్లో కూచున్నప్పుడల్లా చిటికెన వేలితో ఒకసారి ఎంటర్ నొక్కుతాడు. ఏమీ టైపు చెయ్యడు, ఉత్తి ఎంటర్. నొక్కుతూ “ఉన్నావా?” అంటాడు, గది తలుపు తట్టినట్టు. ఆయన కుర్రతనంలో ఉన్న మిషన్లు కూచున్నచోట బిగుసుకుపోయేవట. బతికే ఉందో లేదో అలా చూసుకునేవాళ్ళట. ముప్పైనాలుగేళ్ళ అలవాటు అది.

నేను రాసింది పైథాన్‌లో. ఇలాంటి ఇంటర్‌ప్రెటర్లు కట్టుకోడానికి దాంతోపాటే ఒక తయారు చట్రం వస్తుంది. ఒక్కో మాటకి ఒక్కో ఫంక్షన్ రాసుకుంటూ పోతే చాలు, మిగతాదంతా అది చూసుకుంటుంది. ఆ మిగతాదాంట్లో ఒకటుంది. ఏమీ టైపు చెయ్యకుండా ఎంటర్ నొక్కితే, అంతకుముందు చేసిన పనే మళ్ళీ చేస్తుంది. వద్దనుకుంటే రెండు లైన్లు రాసి వద్దని చెప్పాలి. గురువారం పొద్దున నేను రాసినవి ఆ రెండు లైన్లే.

పధ్నాలుగు నెలలూ ఏం కాకపోవడానికి కారణముంది. పెంచినా తగ్గించినా ఆపరేటర్లు చివర్లో ‘చూపు’ కొట్టి లేస్తారు. తిరిగొచ్చి ఉత్తి ఎంటర్ కొడితే లెక్కలే మళ్ళీ కనిపిస్తాయి. ఎవరికీ నష్టం లేదు. ఆ రోజు బాబాయ్ ‘పెంచు 5’ కొట్టగానే మోటారు గదిలోకి వాన నీళ్ళొస్తున్నాయని వాచ్‌మన్ పిలిచాడు. ‘చూపు’ కొట్టకుండానే పరిగెత్తాడు. వచ్చాడు, “ఉన్నావా” అన్నాడు. అది ఇంకో అయిదు పెంచి ‘సరే’ అంది. తన పిలుపుకి పలికిందనుకున్నాడు. మళ్ళీ పరిగెత్తాడు, మళ్ళీ వచ్చాడు, మళ్ళీ అడిగాడు. మళ్ళీ ‘సరే’ అంది. మోటారు గది గొడవలో ఆ పొద్దున ఇక ‘చూపు’ కొట్టనే లేదు.

ఒక్కసారికి అయిదు మెట్లకి మించి పెంచనివ్వకుండా కాపలా పెట్టాను. మూడు అయిదులు ఎంతో చూడమని చెప్పలేదు.

నాకు తెలీదు. చట్రం అలా చేస్తుందని తెలీదు. ఎవరో ఎక్కడో కూచుని రాసిపెట్టింది నా మెడకెందుకు చుట్టుకోవాలి?

జూన్ 26, బుధవారం

విచారణ. మూడు కుర్చీలు, ఒక పొడుగు బల్ల, తాగని నీళ్ళ సీసాలు. బయటినించి తెప్పించిన సీసాలు, మా కేంద్రం నీళ్ళు కావు.

మీ ఇంటర్‌ప్రెటర్ తనంతట తను కమాండు నడిపే అవకాశముందా అని అడిగారు. లేదన్నాను. నిజమే కదా. ఎవరో ఒకరు ఎంటర్ నొక్కితేనే కదా నడిచేది. అడిగినదానికి జవాబిచ్చాను. అందులో ఒక్క అబద్ధం లేదు.

బొమ్మల బ్యాచిలో పొడుగాయనకి అనుమానం వచ్చింది. అక్కడే మిషను తెప్పించి, ‘పెంచు 1’ కొట్టి, తర్వాత ఉత్తి ఎంటర్ నొక్కి చూశాడు. ఏం కాలేదు. బాణం గుర్తు ఒక వరస కిందికి దిగింది, అంతే. ఆయన భుజాలెగరేసి కూచున్నాడు. నా చొక్కా వీపుకి అంటుకుపోయింది.

బయటికొచ్చాక ఆయన నా భుజం తట్టి, “గట్టిగానే కట్టావయ్యా” అన్నాడు. పదకొండేళ్ళలో వాళ్ళ నోట నేను విన్న మొదటి మెచ్చుకోలు అదే. దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

జూన్ 28, శుక్రవారం

తెలీదు అని రాశాను. మర్చిపోయాను అని రాయాలి.

ఆపరేటర్లకి నేర్పిన మొదటి రోజు. బాబాయ్ ‘తగ్గించు 1’ కొట్టాడు. ఎవరో పిలిస్తే అటు తిరిగి మాట్లాడి, మళ్ళీ ఇటు తిరిగి, అలవాటు కొద్దీ ఉత్తి ఎంటర్ నొక్కాడు. ఇంకో మెట్టు తగ్గింది. “ఇదేంటబ్బాయ్, పలకరిస్తే పని చేస్తోందే” అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. చూస్తాలే బాబాయ్ అన్నాను.

ఆయన జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

అది గుర్తుంది నాకు. పుస్తకం తీయడం.

జూలై 2, మంగళవారం

బస్‌స్టాపులో బాబాయ్. నా కోసమే నిలబడ్డాడు. కేంద్రంలోకి రానివ్వడం లేదు కదా. గడ్డం మాసిపోయి ఉంది. టీ తాగుదామంటే వద్దన్నాడు. జేబులోంచి ఆ పుస్తకం తీశాడు.

నేర్పిన మొదటి వారంలో తను కనిపెట్టిన తప్పులన్నీ వరసగా రాసుకున్నాడు. నేను సరిచేసిన ప్రతిదాని పక్కనా ఎర్ర పెన్నుతో టిక్కు. పందొమ్మిది ఉన్నాయి. పద్దెనిమిదింటికి టిక్కు ఉంది. ఒకదాని పక్కన లేదు. నా కళ్ళు పోయి దాని మీదే పడ్డాయి. ఆయన వేలు కూడా అక్కడే ఉంది.

“విచారణలో దీని గురించి చెబుదామనుకున్నా. నీ పటం నిన్న కాక మొన్న ఎక్కింది, నువ్వు చేసేసి ఉంటే అనవసరంగా నీమీద వేసినట్టవుతుంది. అందుకే నిన్నడిగి చెబుదామని ఆగాను. అప్పుడు దీన్ని సరిచేశావు కదా అబ్బాయ్?”

బస్సు వచ్చింది. ఎక్కేవాళ్ళు మా ఇద్దరి మధ్యనించి తోసుకుంటూ వెళ్ళారు. నాకు ఆలోచించుకోడానికి అంత టైము దొరికింది. ఆలోచించుకునే చెప్పాను.

“చేశాను బాబాయ్.”

“ఎప్పుడు?”

“అప్పుడే.”

ఆయన తలాడించాడు. జేబులో ఎర్ర పెన్ను కూడా ఉంది. పుస్తకాన్ని నా భుజానికే ఆనించుకుని టిక్కు పెట్టాడు. “అయితే నేనే కొట్టుంటాను. వానలో కంగారుపడ్డాను. ఏం కొడుతున్నానో నాకే తెలీలేదేమో” అన్నాడు. పుస్తకం జేబులో పెట్టుకుని, నా చొక్కా మీద పెన్ను మరకేమైనా పడిందేమోనని చూశాడు.

పడలేదు.

జూలై 3

పొరపాటు తనదేనని సంతకం పెట్టాడట. ముందే రిటైర్ చేసి పంపేస్తారట, కేసు అక్కడితో ముగిసినట్టే. సర్వీసంతా ఒక్క మచ్చ లేని మనిషి కాబట్టి జాలి చూపించారని టీ గదిలో అనుకుంటున్నారు.

ఆయన సొంతంగా రాశాడు. ఎవరూ బలవంతపెట్టలేదు.

జూలై 4

పిన్ని ఫోన్ చేసింది. బాబాయ్ భార్య. రెండుసార్లు మోగింది. ఎత్తలేదు.

జూలై 9, మంగళవారం

పటం ముందునించి వెళ్ళినప్పుడల్లా అద్దంలో నా మొహం కనిపిస్తోంది. ఎవరికీ కనిపించదేమో, నాకే.

మర్చిపోయాను అని రాశాను. అది కూడా కాదు.

తెలుసు. ముందునించీ తెలుసు. చట్రం గురించి రాసిన కాగితంలో ఆ వాక్యం చదివాను, కింద గీత కూడా గీశాను. కట్టేటప్పుడు రోజుకి వందసార్లు అదే కమాండు పరీక్షించాలి. ఉత్తి ఎంటర్ కొడితే చాలు, మళ్ళీ టైపు చెయ్యక్కర్లేదు. నా వేళ్ళకి సుఖంగా ఉంది. పని అయిపోయాక తీసేద్దామనుకున్నాను. పని అయిపోయాక కూడా నాకు పరీక్షలుంటాయి కదా, ఉండనీ అనుకున్నాను. బాబాయ్ చెప్పినప్పుడు నవ్వాను కదా, ఆ నవ్వుకి అర్థం అదే. ఈయన అలవాటు కోసం నా సుఖం ఎందుకు వదులుకోవాలి అని. ముసలాళ్ళు మానుకోవాలి గానీ మిషను మారాలా అని.

ఇదీ సంగతి. మూడోసారికి గానీ నా చేత నేను నిజం రాయించుకోలేకపోయాను. ఛీ.

జూలై 11

మొదటి కొత్త కేంద్రంలో ఇంటర్‌ప్రెటర్ పెట్టాం. అక్కడి ఆపరేటర్లకి నేర్పాను. ఒకావిడ ఉత్తి ఎంటర్ కొడితే ఏమవుతుందని అడిగింది. ఏం కాదు అన్నాను. ఎందుకంత గట్టిగా చెబుతున్నారు సార్ అంది.

జూలై 15, సోమవారం

అక్క చెప్పులు విప్పుతూనే, “మీ బాబాయ్ ఇవాళ మా ఓపీకి వచ్చాడు” అంది.

ఎందుకని అడిగాను, పేపరు దించకుండా.

“మతిమరుపు పరీక్షలకి. వరసలో మూడు గంటలు కూచున్నాడు. డాక్టరు అయిదు మాటలు చెప్పి, కాసేపాగి మళ్ళీ చెప్పమంటే అయిదూ చెప్పాడట. గడియారం బొమ్మ గియ్యమంటే సరిగ్గానే గీశాడట. మీకేం లేదు ఇంటికెళ్ళండి అన్నారు. వినడే. ఉంది డాక్టరుగారూ, మీ పరీక్షకి దొరకడం లేదు, నేను మూడుసార్లు చేసి ఒక్కసారి చేశాననుకుంటున్నాను, పిల్లల ప్రాణాల మీదికి తెచ్చాను, సరిగ్గా చూడండి అని బతిమాలుతున్నాడు. పక్కన పిన్ని ఒకటే ఏడుపు. స్టవ్వు ముట్టుకోడట. రోడ్డు దాటడట. వీధి తలుపు గడియ వేసి, వేశానా లేదా అని ఆవిణ్ణి అడుగుతాడట.”

నేను పేపరు చూస్తున్నాను.

“నువ్వొక్క మాట చెబితే పోయేది కాదూ?” అంది అక్క.

దానికి ఎలా తెలిసిందో నాకు తెలీదు. దానికేమీ తెలీకపోవచ్చు. వెళ్ళి మా ఇంటర్‌ప్రెటర్ బాగానే ఉంది బాబాయ్, నీ బుర్ర కూడా బాగానే ఉంది అని ధైర్యం చెప్పమని అర్థమేమో. రెండూ ఒకేసారి నిజం కాలేవని దానికి తెలీదు.

నాకు తెలుసు.

జూలై 17, బుధవారం

రాత్రంతా కూచుని కాదు, పొద్దున అరగంటలో రాసేశాను. పేజీన్నర. ఉత్తి ఎంటర్ గురించి, నేర్పిన మొదటి రోజు గురించి, జూన్ ఇరవై పొద్దున రెండు లైన్ల గురించి, బస్‌స్టాపు గురించి. తేదీ వేసి, సంతకం పెట్టి, ఇంజినీరమ్మ బల్లమీద పెట్టాను.

ఆవిడ మొదటి నాలుగు వరసలు చదివి ఆపింది. కాగితం మీద చెయ్యి పెట్టి నావైపు తోసింది.

“నాకు తెలుసు” అంది. “ప్రోగ్రాంలో ఏ మార్పు ఎవరు ఏ టైముకి చేశారో రికార్డు ఉంటుందని మీకు తెలీదా? జూన్ ఇరవై, ఉదయం ఏడు నలభై. ‘చిన్న శుభ్రం’ అని రాశారు దాని పక్కన. ఆ వారమే చూశాను.”

మరి ఎందుకు ఊరుకున్నారని అడిగాను.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నెమ్మదిగా, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పింది. నాలుగు కేంద్రాలకి మాటిచ్చేశాం. తప్పు ఇప్పుడు లేదు, మీరే తీసేశారు. ఆపరేటరు ఒప్పుకుని సంతకం పెట్టాడు, ఎలాగూ దిగిపోయే మనిషి, పింఛనుకి ఢోకా లేదు. పాప ఇంటికెళ్ళిపోయింది. ఇప్పుడిది తవ్వితే ఎవరికి లాభం? “ఈ కాగితం నేను చూడలేదు. మీరు ఇవ్వలేదు. వెళ్ళి పని చూసుకోండి.”

కాగితం మడిచి జేబులో పెట్టుకుని బయటికొచ్చాను. ఇన్నాళ్ళూ నేను రాసుకున్న సాకులన్నీ ఇంకొకరి నోట వింటే ఎంత శుభ్రంగా, ఎంత తెలివిగా ఉన్నాయో.

జూలై 20, శనివారం

బాబాయ్ ఇంటికి వెళ్ళాను.

మొదటి అంతస్తులో రెండు గదులు. పిన్ని తలుపు తీసి, “ఇప్పటికి తీరిందా నాయనా?” అంది. ఎత్తిపొడుపు కాదు. నిజంగానే సంతోషపడింది. అది ఇంకా కష్టంగా ఉంది. బాబాయ్ కిటికీ పక్క కుర్చీలో రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూచున్నాడు. కోడలు నేలమీద పాపకి అన్నం తినిపిస్తోంది. రెండేళ్ళుంటాయి పాపకి. తినడం మాని కుర్చీ దగ్గరికి పరిగెత్తి ఎత్తుకోమని చేతులు చాపింది. బాబాయ్ చేతులు వెనక్కి తీసుకున్నాడు. కోడలు వచ్చి పిల్లని లాక్కుపోయింది, ఇది రోజూ జరిగేదే అన్నట్టు.

సంతకం పెట్టినప్పట్నించీ పిల్లని ఎత్తుకోవడం లేదని, నా చేతులు ఏం చేస్తాయో నాకు తెలియదంటున్నాడని పిన్ని నెమ్మదిగా చెప్పింది.

నోటితో చెబుదామనే వెళ్ళాను. చివరికి జేబులోంచి కాగితం తీసి ఇచ్చాను. బాబాయ్ కళ్ళద్దాల కోసం వెతుక్కుని, దొరక్క, కోడలి చేతికిచ్చాడు. “చదువమ్మా” అన్నాడు.

ఆ అమ్మాయి పైకి చదివింది. నేను రాసిన ప్రతి మాటా, నా ముందే, ఎంగిలి చెయ్యి వెనక్కి పెట్టుకుని, ఒక్కో వాక్యం దగ్గర ఆగుతూ. ‘బస్‌స్టాపులో ఆయన అడిగినప్పుడు అప్పుడే చేశానని అబద్ధం చెప్పాను’ అన్నచోట ఆ అమ్మాయి గొంతు కటువుగా మారింది. ఆ తర్వాత నావైపు ఒక్కసారి కూడా తలెత్తకుండా చివరిదాకా చదివింది. తేదీ చదివింది. సంతకం కూడా చదివింది.

పాప గిన్నెని నేలకేసి కొడుతోంది.

“అంటే నేను ఒక్కసారే కొట్టానా?” అన్నాడు బాబాయ్.

“ఒక్కసారే బాబాయ్.”

“మిగతా రెండుసార్లు?”

“మీరు ‘ఉన్నావా’ అని ఉత్తి ఎంటర్ నొక్కారు. అంతే.”

“ఒక్కసారే” అన్నాడు. పిన్ని వైపు తిరిగి మళ్ళీ అన్నాడు, “ఒక్కసారేనట.” పిన్ని నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

ఆయన లేచాడు. వంటింట్లోకి వెళ్ళి చేతులు కడుక్కున్నాడు. చాలాసేపు కడుక్కున్నాడు, నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది. వచ్చి, తుడుచుకుని, నేలమీద కూచుని పాపని ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండు చేతులూ దాని చుట్టూ వేశాడు. నేను తప్పయిపోయింది బాబాయ్ అన్నాను. విన్నాడో లేదో. క్షమించమని అడగడానికి మాటలు ఏరి పెట్టుకుని వెళ్ళాను. వాటితో ఆయనకి పని లేకపోయింది. నా వైపు చూడలేదు. తిట్టలేదు. పొమ్మనలేదు.

పొమ్మన్నది పిన్ని. “ఇక వెళ్ళు నాయనా” అంది. తలుపు దాకా వచ్చి, “మళ్ళీ రాకు” అంది.

మెట్ల మీద చెప్పులు వేసుకుంటుంటే లోపల బాబాయ్ గొంతు వినిపించింది. పాప మొహానికి చెయ్యి అడ్డం పెట్టి ఆడిస్తున్నట్టున్నాడు. “ఉన్నావా? ఉన్నావా తల్లీ?” అంటున్నాడు. పిల్ల కిలకిలమని నవ్వుతోంది.

కాగితం అక్కడే వదిలేశాను. తిరిగి అడగలేదు.

జూలై 23, మంగళవారం

బాబాయ్ కొడుకు ఆ కాగితాన్ని విచారణ కమిటీకి ఇచ్చాడట. పొద్దున టీ గదిలోకి వెళ్తే మాటలు ఆగిపోయాయి. పొడుగాయన నన్ను చూసి కప్పు పట్టుకుని పక్కకి తప్పుకున్నాడు. అక్క మాత్రం నిన్న అన్నం వడ్డిస్తూ ఇంకో గరిటె ఎక్కువ వేసింది.

పదకొండింటికి రమ్మన్నారు. అదే గది, అవే మూడు కుర్చీలు. ఇంజినీరమ్మ కూడా ఉంటుంది. ఈ సంతకం మీదేనా అని అడుగుతారు. పదకొండుకి అయిదు నిమిషాలుంది. ఒక్కసారి చెబితే చాలు.